సున్నా వచ్చిన పిల్లలూ, సంచెడు వేరుశెనగ కాయలూ

1989 ఆగస్టు 21, సోమవారం, ఎడతెరిపిలేని వానలో తడిసిన చీరతోనే శ్రీమతి దీవెనమ్మ గారు మా ఉన్నత పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయురాలిగా బాధ్యతలు స్వీకరించారు. చేరిన రోజే ఏడో తరగతికి పాఠం చెప్పి, సాయంత్రం చీరకొంగు పిండుకుంటూ ఇంటికి వెళ్లారని మా పాత అటెండరు ఇప్పటికీ చెబుతాడు. ఆనాటి నుండి ఈ ఏప్రిల్ 30 వరకు, ముప్పై ఆరు సంవత్సరాల ఎనిమిది మాసాల సుదీర్ఘ సేవ అనంతరం పదవీ విరమణ చేస్తున్న ఆ విదుషీమణిని అభినందించే భాగ్యం, లెక్కలు తప్ప నాలుగు వాక్యాలు సరిగా రాయడం రాని నాకు దక్కడం విధి వైచిత్రి.

తొలి పదిహేను సంవత్సరాలు వారు పాఠశాల ప్రయోగశాలను తీర్చిదిద్దారు. అప్పటికి మాకున్నది కాలు విరిగిన ఒక మైక్రోస్కోపు మాత్రమే. ఆటోనగర్‌లో ఇనుము తరిణె పట్టే లేతు షెడ్డుకు తీసుకెళ్లి దానికి ఇనుప కాలు చేయించిన ఘనత వారిదే. నేను 1998లో చేరేనాటికి ఆ మైక్రోస్కోపులో ఉల్లిపొర చూడని విద్యార్థి మా బడిలో లేడు. తదనంతరం సైన్స్ విభాగాధిపతిగా, పరీక్షల నిర్వాహకురాలిగా వారు నిర్వహించిన బాధ్యతలను వల్లించబోతే ఈ అభినందన సంచిక చాలదు. వారికీ విసుగు వస్తుంది.

కరోనా తరువాత బడులు తెరిచిన ఏడాది, విద్యార్థుల మానసిక, సామాజిక క్షేమాన్ని ఏడాదికి మూడుసార్లు పరిశీలించాలని యాజమాన్యం సంకల్పించి, కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందిన దీవెనమ్మ గారికి ఆ పని అప్పగించింది. ఒక్కో విద్యార్థికి ఒక్కో కాగితం. అందులో ఇరవై ప్రశ్నలు. తోటివారితో గొడవ పడతాడా, ఎదురు చెబుతాడా, కుదురుగా కూర్చోడా అంటూ సాగే ఆ ప్రశ్నలకు క్లాసు టీచరు సున్నా నుండి మూడు వరకు అంకె వేయాలి. మొత్తం పదిహేను దాటితే ఆ బిడ్డను మేడం దగ్గరకు పంపాలి. నలభై ఎనిమిది మంది కాగితాలను టీ చల్లారేలోగా పూర్తి చేసేవాణ్ణి నేను. అంకెలంటే భయం లేనివాణ్ణి కదా.

2022 నవంబరులో ఒక మధ్యాహ్నం మేడం నా బల్ల దగ్గరకు వచ్చి ఒక కాగితం పెట్టారు. ఎనిమిదో తరగతి హిమబిందుది. ఇరవై ప్రశ్నలకూ సున్నాలే.

"బంగారం లాంటి పిల్లండీ. ఆగస్టు పదిహేనున క్రమశిక్షణ బహుమతి కూడా నేనే ఇప్పించాను" అన్నాను గర్వంగా.

"తిరుమలరావు గారూ, ఈ పిల్ల గొంతు మీరు చివరిసారి ఎప్పుడు విన్నారు?"

ఆలోచించాను. 'హాజరు పిలిచినప్పుడు' అనబోయి ఆగిపోయాను. ఆ పిల్ల పేరు పిలిస్తే పక్కనున్న పిల్ల 'ప్రెజెంట్ సార్' అంటుంది. అది నాకు అలవాటైపోయింది.

"ఈ కాగితంలో మనకి తలనొప్పి తెచ్చే పిల్లలే దొరుకుతారు" అన్నారు మేడం. "తలనొప్పి తేని వాళ్లకి తలనొప్పి లేదని ఎవరు చెప్పారు?" ఆ రోజు నుండి వారు పదిహేను దాటిన కాగితాల కంటే ముందు సున్నాల కాగితాలను తీయడం మొదలుపెట్టారు.

వారు ఎవరినీ గదికి పిలిపించి ప్రశ్నలు అడగలేదు. గదికి పిలిస్తే మిగిలిన పిల్లలు వింతగా చూస్తారని వారికి తెలుసు. శుక్రవారం చివరి పీరియడులో ప్రయోగశాల అరుగు మీద ఒక సంచెడు వేరుశెనగ కాయలు పోసి, "రండమ్మా, కొంచెం ఒలిచి పెట్టండి" అనేవారు. చేతులకు పనుంటే నోరు దానంతట అదే విచ్చుకుంటుందని వారి నమ్మకం. "మేడం చట్నీ క్లాసు" అని మేము స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్లం. నవ్విన నాప చేనే పండిందన్నట్టు, నాలుగో శుక్రవారం హిమబిందు నోరు విప్పింది.

"అమ్మ పోయిన కాడ్నించి మా నాన్న ఇంట్లో మాటాడ్డం మానేసినాడు మేడం. నానూ మానేసినాను. సోమవారం నుంచి బడికి కూడా రాను."

"ఏటమ్మా, ఎందుకని?"

"నాను రాకపోయినా ఎవులికీ తెలీదు కదా."

ఈ మాట మేడం నాకు చెప్పినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను. ఆ సాయంత్రమే ఇద్దరం ఆటోనగర్ వెళ్లాం. హిమబిందు తండ్రి సూరన్న ఒక షెడ్డులో లేతు మీద పనిచేస్తాడు. చేతుల నూనె తుడుచుకుంటూ బయటికొచ్చి కంగారుగా చూశాడు.

"మా పిల్ల బాగానే ఉంది కదా మేడం? ఏ అల్లరీ సెయ్యదు. బడికాడ ప్రైజు కూడా ఇచ్చినారు."

నా మాటే అది. 

"ఆ ప్రైజు ఇవ్వడం మా తప్పు సూరన్నా" అన్నారు మేడం, 'మా' అన్న మాటతో నా తప్పులో సగం తన నెత్తిన వేసుకుంటూ. "పిల్లని రోజుకో మాట అడుగు. ఈయాల ఏటి తిన్నావని అడిగితే సాలు."

సూరన్న నూనెగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అడిగితే ఏడుత్తాదని భయం మేడం."

"ఏడవనీ. నువ్వూ ఏడు."

సోమవారం హాజరు పట్టీ తెరిచాను. హిమబిందు పేరు పిలిచి, పక్క పిల్లను ఊరుకోమని సైగ చేసి ఎదురుచూశాను. కొంచెం ఆలస్యంగా, చాలా చిన్నగా వినిపించింది ఆ పిల్ల గొంతు. మరుసటి ఏడాది 'పాఠం జరుగుతుండగా మాట్లాడుతుంది' అన్న ప్రశ్న దగ్గర ఆ పిల్లకు రెండు వేశాను. నా సర్వీసులో అంత ఆనందంగా వేసిన అంకె మరొకటి లేదు. ఇప్పుడా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఈ వీడ్కోలు సభకు తండ్రితో కలిసి వస్తానని కబురు పంపింది.

ఇక్కడితో ముగిస్తే ఇది మంచి అభినందన వ్యాసమే అయ్యేది. కానీ ఇంకొక తప్పు చెప్పాలి. ఇది నా ఒక్కడిది కాదు, మా అందరిదీ.

2024 జనవరిలో దీవెనమ్మ గారి భర్త, పోర్టులో క్రేన్ ఆపరేటరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ గారు పరమపదించారు. వారం తిరగకుండానే మేడం బడికి వచ్చారు. పాఠం చెప్పారు, నవ్వారు, శుక్రవారం పిల్లలతో కాయలు ఒలిపించారు. "ఎంత గుండె ధైర్యం" అని మేమంతా మెచ్చుకున్నాం. అంతకు మించి ఒక్క మాట అడగలేదు. ఈ వ్యాసం కోసం మొన్న వారి కుమార్తె ఫెబాను కలిసినప్పుడు ఆమె అంది: "ఆ ఏడాదంతా అమ్మ రోజూ బడి నుంచి వచ్చి వేరుశెనగ కాయలు ముందేసుకుని కూర్చునేది అంకుల్. నేను వెళ్లేసరికి గిన్నె నిండా గింజలు ఉండేవి. ఎదురుగా ఎవరూ ఉండేవారు కాదు."

మేడం, రెండేళ్లు మీ పక్క బల్ల దగ్గరే కూర్చుని, మీ కాగితం మీద మేము ఇరవై సున్నాలు వేశాం. మీరు నేర్పిన పాఠం మీ దగ్గరే తప్పాం. అడిగితే మీరు ఏడుస్తారని మాకూ భయమే వేసిందేమో. క్షమించండి.

జూన్ నుండి సున్నాల కాగితాలు నేను చదువుతాను. సంచి కూడా నేనే మోస్తాను. శుక్రవారం చివరి పీరియడుకు మీరు వచ్చి ఆ అరుగు మీద కూర్చోవాలని స్టాఫ్ అందరి మనవి. పిల్లలకు ఏమీ చెప్పనక్కర్లేదు, మాతో ఏమీ మాట్లాడనక్కర్లేదు, ఊరికే ఒలవండి. సర్వేశ్వరుడు మీకు సంపూర్ణ ఆరోగ్యాన్ని, మనుమల ముద్దుమురిపాలను, నిండు నూరేళ్ల ఆయుష్షును ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ నూరేళ్లలో మీరు రాని ప్రతి శుక్రవారం మాలో ఒకరు మీకు ఫోన్ చేస్తారు. అభినందనలు, కుశల ప్రశ్నలు తరువాత. ముందు మీ మాటే మిమ్మల్ని అడుగుతాం: ఈయాల ఏటి తిన్నారు మేడం?

— తిరుమలరావు, గణిత ఉపాధ్యాయుడు