దుంగల కుర్చీలు

హలో… ఆ, నేనేనండీ, కనకలక్ష్మిని. చెప్పండి లక్ష్మీకాంత్ గారూ…

ఏవిటీ? నా పురుగులా?… నేనేమన్నా పెంచుతున్నానా వాటిని?

మీ ఫంక్షన్ గార్డెన్లో క్రిస్మస్ చెట్లు ఎండిపోయాయా… ఎన్ని? పదకొండా! … అయ్యో అనమంటారా? అనను.

ఆగండి. నాటిననాడు కంచె దగ్గర నాతో ఏమన్నారు? ‘ఇవి ఫారిన్ చెట్లమ్మా, మీ మామిడి పురుగు వీటి మొహం కూడా చూడదు’ అనలేదూ?… అన్నారు. మా తోటపనివాడు ఏసుపాదం పక్కనే ఉన్నాడు.

నిజమే, మొదట్లో దాని ఆటలు సాగలేదు. బెరడులో దూరింది దూరినట్టే జిగురులో ఇరుక్కుని చచ్చింది. నా కళ్ళతో చూశా. మరుసటేడు ఒకటీ అరా బతికాయి. తర్వాతేడు ఇంకాసిని… ఆ, పురుగైనా నేర్చుకుంటుందండీ. మీరే—

అరవకండి. నాకు చెవులు బాగానే ఉన్నాయి.

చెట్టుకి మేకులు కొట్టి లైట్లు కట్టిందెవరు? మొదలు చుట్టూ సిమెంటు పోయించిందెవరు? నీళ్ళందని చెట్టుకి జిగురెక్కణ్ణించి వస్తుంది?…

ఇంకోటి వినండి. మూడు నెలల కింద, పురుగు నా తోటలోంచే వస్తోందని బెంజ్ సర్కిల్ లాయరుతో నోటీసిప్పించారు. భయపడి సరేనన్నా. నా ఆరు రసాల మామిడి చెట్లలో ఐదు కొట్టించారు. ఆ దుంగలేవీ?… చెప్పండి, ఎక్కడున్నాయి?

ఆ! పెళ్ళివాళ్ళు కూర్చుని ఫొటోలు దిగడానికి కుర్చీలు. బెరడు కూడా తియ్యకుండా, మీ చెట్ల కిందే! పచ్చి దుంగలో ఆ పురుగు ఎన్ని గుడ్లు పెడుతుందో తెలుసా? దుంగ ఎండాక ఎక్కడికి పోతుంది, నా వంటింట్లోకా?

… ఏంటీ? మిగిలిన ఆ ఒక్కటీ కొట్టించాలా? రేపు రంపం మిషన్ పంపిస్తారా?…

దాని మీద కాయుందండీ. ఈ ఏటికి నాకున్నదదే. దాని బెరడులో ఒక్క చిల్లి చూపించండి, నేనే కొట్టిస్తా… చూపించలేరు. రోజూ నీళ్ళు పోస్తున్నా.

మందా?… ఉంది. ముందు ఆ కుర్చీలు తగలబెట్టించండి. తర్వాత ఎండిన పదకొండూ.

… లక్ష్మీకాంత్ గారూ? ఏడుస్తున్నారా?

… తెలుసండీ, ప్రాణంగా పెంచుకున్నారు. నా ఐదూ నేనూ అలాగే పెంచుకున్నా. ఆవేళ మీరు ఒక్కసారి అయ్యో అన్నారా?

… సరే. మిషన్ పంపించేట్టయితే పంపించండి. చెట్టు మొదట్లోనే కూర్చునుంటా.

నాకు కుర్చీ అక్కర్లేదు.

ఉంటా.