రంగు కింద ఇనుము

గడ్డి కోసే ఇంజను డుగడుగలాడుతోంది. కొత్తగా బిగించిన స్విచ్చును పెద్దాయన మూడోసారి నొక్కాడు. ఆగితేనా! పక్కనే ఆయన బావమరిది, కరెంటు పనివాడు, తల గోక్కుంటున్నాడు.

“ఏరా, ఇది ఇంజనా, మీ అక్క నోరా? ఆపబోతే ఇంకా రెచ్చిపోతోంది!”

“ఉండు బావా. నొక్కగానే కాయిల్ కరెంటు ఈ తీగలోంచి ఇంజను ఒంట్లోకి దిగిపోవాలి. అప్పుడు ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టదు, ఇంజను ఆగుతుంది. తీగ గట్టిగానే బిగించానే!”

“పోయినవారం మీ అక్క కొంగు బెల్టులో పడితే ప్లగ్ క్యాప్ చేత్తో పీకాను. ఆ షాక్‌కి మా తాత పెళ్లికెళ్లి, భోంచేసి మరీ తిరిగొచ్చాను.”

“అక్క ఇవాళ కూడా గడ్డి కోస్తుందా?”

“అదుగో, మోపుతో వచ్చేస్తోంది. త్వరగా కానీరా!”

“బావా, ఈ ఇంజనుకి రంగేశావా?”

“నిన్ననే, రెండు పూతలు. మీ అక్క ముచ్చటపడుతుందని.”

“రంగు మీద తీగ బిగిస్తే కరెంటు ఇనుములోకి ఎలా దిగుతుంది? పెట్రోలు కట్టేసి చాకు ఇటియ్యి.”

బోల్టు కింద రంగు గీకి, తీగ బిగించి, మళ్లీ తాడు లాగారు. ఇంజను అందుకుంది.

“నొక్కు బావా.”

పెద్దాయన కళ్లు మూసుకుని నొక్కాడు. ఇంజను టక్కున ఆగింది.

“ఆగిందిగా! ఇంకా చెయ్యి వణుకుతోందేం?”

“ఇంజను అదురురా.”