కొయ్యని పిల్లర్లు

ఫ్యాను రెక్క వంకరున్నదని రాస్తున్నవా, వినీత్ సారూ? రాసుకో. నేను ఈ క్వార్టర్లకు వచ్చిన నాడే అది వంకర. బొగ్గు బాయిల ముప్ఫై ఏండ్లు కట్టెలు నిలవెట్టి రూఫ్ పడకుంట ఆపిన టింబర్‌మన్‌ని. ఒక ఫ్యాను రెక్క వంచి నేనేం జేసుకుంట?

తాళంచెవి ఇస్త, తొందరవెట్టకు. ఆఫీసు నిన్ను పంపింది, నువ్వొచ్చినవ్. రిటైరైనోడు క్వార్టర్ ఖాళీ చెయ్యాలె, అది రూలు. రూలు తప్పే మనిషి కాదు ఎల్లేశం.

బయట ట్రాలీ ఆటో కనవడుతుందా? సామానంత ఎక్కింది. డ్రైవర్ పక్కన కూసున్నది నా పెండ్లాం యమున. అటు చూడకు. ఆమె నీ దిక్కు చూస్తలేదు, నా దిక్కు చూస్తుంది.

ఒక్కటే మాట అన్నది. తాళంచెవి ఇచ్చి బయటికొచ్చే లోపల ఏదో ఒకటి చెప్పమన్నది. షేర్లు సగం అమ్మి, మార్కెట్ వెనుక అమ్మకానికున్న ఆ రెండు గదుల ఇల్లు కొంటనంటే బండి అటు తిరుగుతది. లేదంటే రామకృష్ణాపూర్‌ల వాళ్ల తమ్ముడు ఆగయ్య ఇంటికి పోతది. పోతే మల్ల పిలవద్దన్నది.

ఏం షేర్లా? చెప్త, కూసో. కుర్చీలు బండెక్కినయి, గడప మీద కూసో.

ఇరవై ఏండ్ల కింది ముచ్చట. దసరాకు కంపెనీ లాభాల వాటా ఇచ్చింది. మా షిఫ్టోళ్లు ఏం జేసిండ్రు? సగం మంది కల్లు దుకాణంల కూసున్నరు, సగం మంది కొత్త మోటర్ సైకిళ్ల మీద కూసున్నరు. నేను బీడీ గూడ ముట్టనోన్ని, ఏం జెయ్యాలె? అప్పుడు అకౌంట్స్‌ల అచ్యుతరావు సారు ఉండె. కోస్తా దిక్కాయన. హైదరాబాద్‌ల అపార్టుమెంట్లు కట్టే కంపెనీ షేర్లు కొనిపిచ్చిండు. ‘కొన్నంక మర్చిపో ఎల్లేశం. ఏటా డివిడెండ్ అని కొంత వస్తది, అది తినకు. దాంతోని మళ్ల అవే షేర్లు కొను. కొన్నవాటికి గూడ డివిడెండ్ వస్తది’ అన్నడు.

నాకు జల్దిన సమజైంది. బాయిల పని గూడ గట్లనే ఉంటది. బొగ్గంత ఒక్కపారి కొయ్యం. నడుమ నడుమ బొగ్గునే పిల్లర్ల లెక్క ఇడిచిపెడుతం. వాటి మీద రూఫ్ ఆగుతది. ఆశపడి పిల్లర్‌ను గీకినోడు దాని కిందనే ఉండిపోతడు. షేరంటే పిల్లర్. డివిడెండ్ మళ్ల అందుల ఏస్తే పిల్లర్ ఇంకింత లావైతది. గంతే.

ఏటా వచ్చింది, ఏటా అండ్లనే ఏసిన. ఒక ఏడు యమున కూలర్ అడిగింది. గోదావరిఖని ఎండలు నీకు తెల్వనియా? మే నెలల ఈ గోడలు పొయ్యి లెక్క కాలుతయి. కిటికీకి తడి చీర కట్టి పండుకోమన్న. పండుకున్నది. ఇంకో ఏడు ఫ్రిజ్ అడిగింది. పెద్ద కుండ తెచ్చిచ్చిన. మనిషన్నంక నిగ్రహం ఉండాలె సారూ.

నడుమ మార్కెట్ కూలింది. నువ్వప్పుడు బడికి పోతుంటివి కావచ్చు. పది రూపాయలున్న షేరు ఒక్క రూపాయి అయింది. అచ్యుతరావు సారే ఉరుక్కుంట వచ్చిండు, అమ్మేద్దాం పా అని. రూఫ్ పడ్డప్పుడు ఉరికినోని మీదనే పడతది సారూ, పిల్లర్ పక్కన నిలవడినోడు బతుకుతడు అన్న. ఆయన ఇనలే. కొంచెం లేచినంక అమ్ముకొని మార్కెట్ వెనుక ఇల్లు కట్టిండు. ఓపిక లేదు పాపం. ఇప్పుడు సొంతింట్ల ఉంటుండు. పొద్దుగాల జామచెట్టు కింద కుర్చీ ఏసుకొని పేపర్ సదువుతడు. ఆయన్ని చూస్తే జాలైతది నాకు.

నాదా? పెట్టినదానికి ముప్ఫై రెట్లు.

ఏంది సారూ, రాసుడు ఆపినవ్? కంపెనీ పేరా? ముందు ఈ కిటికీ అద్దాలు మంచిగున్నయో లేవో చూసి రాసుకో.

పోయిన నెల హైదరాబాద్ పోయిన, మా బిల్డింగు ఎన్నడు చూడలే గదా అని. ముప్ఫై అంతస్తులు. పైకి చూస్తే మెడ పట్టింది. గేటు కాడ సెక్యూరిటీ పిలగాడు ఆపి ఏ ఫ్లాటని అడిగిండు. ఫ్లాట్ కాదు తమ్మీ, కంపెనీలనే వాటా ఉన్నది, నేను గూడ ఒక ఓనర్‌ని అన్న. వాడు నా చెప్పుల దిక్కు చూసిండు. అయినా మంచోడు, కూసోవెట్టి చాయ్ తాపిండు. ‘కాకా, ఓనర్లు మస్తుగున్నరు, వాచ్‌మన్లకే కరువున్నది’ అన్నడు.

అదే చెప్తున్న. వాచ్‌మన్‌గ కుదిరిన. రేపటి సంది డ్యూటీ. సెల్లార్ల రూం ఇస్తరు. కిటికీ లేదు. భూమి కింద ఉండుడు నాకేమన్న కొత్తనా? నవ్వకు. షేర్లు ముట్టకుంట బతికే తొవ్వ దొరికింది నాకు. ఆ రూంల కట్టెతోని రూఫ్ కొట్టి చూసిన, బాయిల పడతదా ఆగుతదా అని కొట్టి చూసినట్టు. మోత గట్టిగ వచ్చింది. నా పైసలు కలిసిన రూఫ్, ఎందుకు రాదు?

పొద్దుగాల యమునకు ఇదంత చెప్పిన. సంబురపడతది అనుకున్న. గిన్నెలు మూటగడుతున్నది, చేతులది కింద పెట్టింది. ‘బాయిల పిల్లర్లు ఎందుకు ఇడిచిపెడతరు?’ అన్నది. రూఫ్ కోసం అన్న. ‘పనంత అయినంక ఏం జేస్తరు?’ అన్నది.

నువ్వు ఆఫీసుల మనిషివి, నీకు తెల్వది. ఆ దిక్కు పనంత అయినంక, చివరి నుంచి ఎనుకకు వచ్చుకుంట ఆ పిల్లర్లను గూడ కోసుకుంటం. డీపిల్లరింగ్ అంటరు. ఇడిచిపెట్టేదే దానికోసం. ఎక్కువ బొగ్గు అండ్లనే ఉంటది.

ఆమెకు ఇదంత ఎట్ల తెల్సంటే, మా మామ గూడ బాయిల పనిచేసినోడే. ‘పిల్లర్లన్ని అట్లనే ఉంచి బాయి మూసుకున్నోన్ని ఏ మేనేజర్ మెచ్చుకోడని మా నాయిన అంటుండె. మనకు పిల్లలు గూడ లేరు. ఇంక ఎవ్వల కోసం ఆపుతున్నవ్ ఆ రూఫ్‌ను?’ అన్నది.

నా దగ్గర జవాబు ఉండె. లాంగ్ టర్మ్ అన్న.

‘ఎంత లాంగు?’ అన్నది.

డ్రైవర్ హారన్ కొడుతుండు. ఇనవడుతుంది నాకు.

నిన్న డివిడెండ్ పడ్డది సారూ. ఫోన్ మోగంగనే, ఆమెకొక కూలరన్న కొందామనుకున్న. నిజంగనే అనుకున్న.  కని ఏలు పోయి ఫోన్ల షేరు కొనేకాడనే ఒత్తింది. ఇరవై ఏండ్ల అలవాటు, ఆగమంటే ఆగుతదా? ఇప్పుడామె ఆగయ్య ఇంటికి పోతే, ఆడ ఉండేది రేకుల అర్ర.

నీకొక మాట చెప్త, ఎవ్వరికి చెప్పకు. సర్వీసు మొత్తంల నేను ఒక్కపారి గూడ డీపిల్లరింగ్‌కు పోలే. రెండుసార్లు పిలిచిండ్రు, ఏదో సాకు చెప్పిన. నిలవెట్టుమంటే ఎన్ని కట్టెలైనా నిలవెడుత. నిలవడ్డదాన్ని తీసుడు నాతోని కాదు. జనం దాన్ని నిగ్రహం అన్నరు. నేను కాదనలే.

బండి కదిలింది.

ఎటు తిరిగింది సారూ? నువ్వే చూసి చెప్పు.

రామకృష్ణాపూర్ దిక్కా? సరే. ఇగో తాళంచెవి. ఫ్యాను వంకరని రాసింది ఉండనియ్, కొట్టెయ్యకు. ఇంకేంది, కంపెనీ పేరా? పెన్ను చేతులనే ఉన్నది గదా, రాసుకో. కొన్నంక మర్చిపో.