ఖాజావలి ఓడ చూసొచ్చిన సంగతి

ఏందీ, కాలేజీ వాళ్ళంతా కలిసి సముద్రంలో లాంచీ ఎక్కుతారా? ఎక్కండి, ఎవరొద్దన్నారు. ఈత వచ్చా నీకు? రాదా! మున్నేటి ఒడ్డున పుట్టి ఈత రాదంటావేందిరా దిలీపూ, బయట అనమాక, ఊరి పరువు పోద్ది. కూర్చో. ఆ కుర్చీ కాలు ఊగుద్ది, ఇటు జరుగు. మా ఖాజావలి ఉంటేనా, నిన్నీపాటికి మెడబట్టి ఏట్లోకి తోసేవాడు. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. ఇదే పెనుగంచిప్రోలు, మా వీధి చివరిల్లు, లారీ డ్రైవరు. నన్ను బసవయ్య బావా అనేవాడు, నేను వలీ అనేవాణ్ణి. సాయిబులకీ మనకీ బావ వరసేందంటావా? కలిసి మున్నేట్లో పడి పెరిగిన వాళ్ళకి వరసలు ఎవరు పెడతార్రా, అయ్యే వస్తాయి. మనిషి పొట్టి. హారన్ కొట్టేవాడు కాదు. "ముందోడికీ కళ్ళుంటయ్ బావా" అనేవాడు. అట్టాంటి డ్రైవర్ని మళ్ళీ చూళ్ళేదు నేను.

ఆఁ, సముద్రం కదా. జగ్గయ్యపేటలో బియ్యం లోడేసుకుని కాకినాడ రేవుకి పోయేవాడు. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకి రావంట, దూరంగా లంగరేసుకునుంటే చిన్న లాంచీలు తిరుగుతా ఉంటయ్. లోడు దించే వరస వచ్చిందాకా లారీ కిందే పడక. పడుకుని పడుకుని విసుగుపుట్టి, ఎడ్విన్ అని అక్కడ లాంచీ నడిపే ఆయనతో స్నేహం కట్టాడు. "తమ్ముడూ, ఇన్నేళ్ళబట్టి ఓడకి బియ్యం మోస్తున్నా, దాని మొహం చూళ్ళేదు. ఒక్కసారి చూపియ్యవా" అన్నాడంట. ఆయన ఓడకి కూరగాయలు తీసుకుపోతా పొద్దున్నే వీణ్ణి ఎక్కించుకున్నాడు. చూశాడు. ఎట్టా ఉంది వలీ అంటే, "మన పేట మార్కెట్ యార్డుని తీసుకుపోయి నీళ్ళ మీద పెట్టినట్టుంది బావా" అన్నాడు. నాతో చెప్పింది అంతవరకే. తర్వాత సంగతంతా ఎడ్విన్ చెప్పాడు, వలీని మట్టి చేసిన రోజున, మా అరుగు మీద కూర్చుని. రాత్రంతా బస్సుల్లో వచ్చాడు పాపం.

తిరిగొచ్చేటప్పుడు గాలి లేచింది. అల అడ్డంగా కొట్టి లాంచీ తిరగబడింది. చెక్క తగిలి ఎడ్విన్ కుడి భుజం జారిపోయింది. సముద్రంలో పుట్టినట్టే ఈదుతాడు గానీ ఒంటి చేత్తో ఏం చేస్తాడు? లాంచీ కాసేపు బోర్లా తేలింది, ఇద్దరూ దాన్నే పట్టుకున్నారు. ఇంజను బరువుకి అదీ మునిగింది. ఎడ్విన్ అన్నాడంట, "అన్నా, ఒడ్డు కనపడతానే ఉంది, నువ్వు ఈదుకుంటా పో." మనవాడు ఏమన్నాడంటావ్? "కనపడితే దగ్గరనుకున్నావా? ముక్త్యాల ఫ్యాక్టరీ గొట్టం కనపడ్డాక కూడా లారీ అక్కడికి చేరేలోపు నాకు రెండు బీడీలు అయిపోతయ్. నోరు మూసుకుని వెనక్కి వాలు" అన్నాడు. అని లుంగీ విప్పాడు. నవ్వమాక! సాయిబుల లుంగీ కుట్టి ఉంటది కదా, సంచిలాగా. ఒక అంచు గట్టిగా ముడేసి, రెండో అంచు తెరిచి పట్టుకుని, గాల్లోకి లేపి దబ్బున నీళ్ళ మీద కొడితే లోపల గాలి చిక్కుకుని బూరలాగా ఉబ్బుద్ది. తడిగుడ్డ కదా, గాలి నిదానంగా పోద్ది. చిన్నప్పుడు మున్నేట్లో మేం ఆడిన ఆటే అది, నేనూ చేశా. ఆటలో చెయ్యటం వేరు నాయనా. ఆ బూర ఎడ్విన్ చంక కిందకి తోసి, వీడు పక్కన చేతులాడిస్తా తేలాడు. గాలి పోతే మళ్ళీ విప్పటం, మళ్ళీ కొట్టటం. ఎండ నెత్తి మాడుస్తుంది. దాహానికి తట్టుకోలేక వలీ ఒక గుక్క నోట్లో పోసుకుంటే, ఈసారి ఎడ్విన్ తిట్టాడంట, "ఉమ్మెయ్! తాగితే పిచ్చెక్కి నువ్వే నన్ను ముంచుతావ్!" అట్టా ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటా బతికారు.

పొద్దు వాలతా ఉండగా దూరంగా వేట పడవ కనపడింది. అరిస్తే వినపడదు. ఊపటానికి గుడ్డ కావాలి. చొక్కాలు ఎప్పుడో నీళ్ళపాలైనయ్, ఉన్న గుడ్డ ఒక్కటే, అది ఎడ్విన్ ప్రాణం కింద ఉంది. వలీ ఆయన మొహంలో మొహం పెట్టి, "లుంగీ తీస్తా. మునుగుతావు. నిన్ను వదలను. నమ్మకముందా?" అన్నాడంట. ఎడ్విన్ నాతో ఇక్కడిదాకా చెప్పి మంచినీళ్ళడిగాడు, ఇచ్చా. "తియ్యి అన్నానండీ" అన్నాడు. ఒక చేత్తో ఎడ్విన్ జుట్టు పట్టుకుని, రెండో చేత్తో లుంగీ తల మీద గిరగిరా తిప్పాడు వలీ. పడవ ఆగలా. మళ్ళీ గాలి కొట్టి ఎడ్విన్ని పైకి లేపి, ఆయన దగ్గు తగ్గిందాకా ఉండి, మళ్ళీ అడిగాడు. "తియ్యనా?" "తియ్యి." రెండోసారి పడవ మొహం ఇటు తిరిగింది. జాలర్లు చెయ్యందిస్తే మావాడు ఎక్కడంట! "ముందు ఆయన్ని లాగండి. నన్ను లుంగీ కట్టుకోనియ్యండి" అని నీళ్ళల్లోనే కట్టుకుని ఎక్కాడు. డ్రైవరు డ్రైవరే.

ఊరికొచ్చి ఏం చేశాడనుకున్నావ్? నాలుగో రోజు సాయంత్రం గౌసియాబీని ఏటికి తీసుకుపోయాడు. భార్య. ఆమె ఒకటే గొడవ, "పెళ్ళీడు పిల్లల్ని పెట్టుకుని నాకిప్పుడు ఈతేంది? నేనేమన్నా ఓడలెక్కుతానా? నలుగురూ నవ్వరా?" "నవ్వనీ. సముద్రం నాకు మాత్రం ముందు చెప్పిందా?" అన్నాడు. బట్టలుతికే ఆడాళ్ళంతా నవ్వారు, నేనూ గట్టు మీద నిలబడి నవ్వా. కొంగు నడుముకి బిగించి దిగింది మహాతల్లి. వీపు కింద చెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాడు. "మెడ బిగబట్టమాక. పైకి చూడు. ఆకాశం చూడు." వణికిపోతా ఉంది. ఎంతసేపో అట్టా పట్టుకుని, మెల్లగా చెయ్యి తీశాడు. ఒకడుగు వెనక్కేశాడు. ఇంకొకడుగు. ఆమెకి తెలీదు, కళ్ళు ఆకాశం మీదే ఉన్నయ్. "ఏమయ్యా, పట్టుకున్నావా?" అంది. వాడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి, "పట్టుకున్నా" అన్నాడు. ఒడ్డున ఒక్కళ్ళు నవ్వలేదురా. బట్టలు దులిపే చప్పుడు కూడా లేదు...

...ఆఁ? ఏమన్నావ్, ఆటోనా? ఇప్పుడొక జగ్గయ్యపేట ఆటో ఉంటది, పో. గేటు దగ్గరగా వేసి పో, గేదె లోపలికొస్తది.