జెల్ల ముల్లు

కొల్లేట్లో వల తీసి ఇంటికొచ్చిన మామగారికి కోడలు వేడి గంజి పోసింది.

“గంజి గెడ్డం మీంచి కారిపోతోందండి, మావయ్యగారూ.”

“జెల్ల చేప ముల్లు దిగిందమ్మా. ఆ విషం పైకెక్కి మూతి మొద్దుబారింది.”

“మాట కూడా ముద్దగా వస్తోందండి. మా నాన్నకి పక్షవాతం వచ్చిన రోజూ ఇలాగే మాట్లాడారండి. పడవ కట్టించుకుని ఏలూరు ఆస్పత్రికి వెళదామండి.”

“ముల్లు గుచ్చుకుంటే ఆస్పత్రేంటమ్మా? ఊళ్ళో నవ్వుతారు. కాస్త పసుపు నూరి పట్టెయ్యి, తగ్గిపోద్ది.”

“ఏ చేతికండి?”

ఆయన కుడిచెయ్యి చాపాడు. ముల్లు దిగినచోట చిన్న రక్తపు బొట్టు ఉంది. వేళ్ళన్నీ చక్కగా ఆడుతున్నాయి.

“ఆ ఎడంచెయ్యి కూడా ఓసారి ఎత్తండి, మావయ్యగారూ.”

“ఎత్తాను కదమ్మా.”

ఎడంచెయ్యి ఒళ్ళోనే ఉంది. దాని మీద వేడి గంజి కారుతోంది.