మోకాలు మార్చే బల్ల మీద

"జేజీ, ఆపరేషన్ బల్ల మీద పండుకొనే డాక్టరుతో కొట్లాడినావంట, నిజమేనా?"

కొట్లాడినానా? నా కేకకు ఆస్పత్రి పక్కన పారే తుంగభద్ర నీళ్లు ఒక్క గడియ నిలబడిపోయినాయి! నవ్వొద్దు పాపా, ఆ పొద్దు నా పానం పానంలో లేదు.

అంతా మీ నాయన చేసిన పని. ముందుగాల డాక్టరు అడిగె, "అమ్మ ఇంట్లో ఎట్లా కూర్చుంటుంది?" అని. నేను నోరు తెరిచేలోపల నా కొడుకు, "సోఫా మీదనే సార్, కిందికి దిగే పనే లేదు" అనె. కోయిలకుంట్లలో మిద్దె కట్టి, తల్లి నేల మీద కూచుంటాదని చెప్పనీకె వానికి నామోషీ. కొడుకు మాట నలుగుర్లో తీసేయకూడదని నేనూ గమ్మునుంటి. నేనేమో కాపురానికొచ్చిన కాడ్నుంచి కట్టెలపొయ్యి ముందర ఒక కాలు మడిచి, ఒక మోకాలు లేపి, లచ్చ జొన్నరొట్టెలు కొట్టింటా. లచ్చేంది, రెండు లచ్చలు! అప్పుడు జొన్నలు ఎంత అగ్గువ... సరే, అది ఇంకో కత.

నడుముకు సూదేసిరి. కాళ్లు నావి కావు, నోరొకటే నాది. అడ్డం పచ్చగుడ్డ కట్టినారు. అవతల రంపం మోత, సుత్తి దెబ్బలు, వడ్లాయన మంచం చేస్తాండాడేమో అన్నట్ల! అప్పుడు డాక్టరు పక్కనోళ్లకు చెప్తాండాడు: "ఈ మామూలు కృత్రిమ కీలు కుర్చీలో కూర్చునేవాళ్లకు చాలు. మధ్యలో చిన్న కొమ్మున్న ఆ రకమైతే, మోకాలు మడిచినప్పుడు తొడ ఎముకను వెనక్కి జరుపుతుంది, ఇంకొంచెం వంగుతుంది. ఈమెకు సోఫానే కదా, మామూలుది పెడదాం. సిమెంటు కలపండి."

సిమెంటు! అది గట్టిపడితే మళ్ల తీసేదెట్ల?

"ఆపప్పా! సోఫా అబద్ధం! నేను నేల మీద కూచొని రొట్టె కొడతా!"

సుత్తి నిలబడె.

"మరి మీ అబ్బాయి..."

"మోకాలు వానిదా, నాదా సార్?"

ఎవరో కిసుక్కుమనె. డాక్టరు నవ్వలే. కొమ్మున్న దాంట్లో నా సైజుది ఉండాదో లేదో చూసిరమ్మని సిస్టరును పంపె. ఆ యమ్మ పోయి ఎంతసేపటికీ రాదే! దేవుళ్లందరికీ మొక్కితి, వీధి చివర దర్గాకు గూడా. కడాకు వచ్చె. ఉండాదంట.

"ఏది పెట్టినా, ఇదివరకు మీ మోకాలు ఎంత వంగేదో దాన్ని బట్టే వంగుతుందమ్మా. నేల దాకా మాటివ్వలేను" అనె డాక్టరు.

నిజమే, నేల దాకా పోలే. ఎత్తుపీట మీద కూచుంటాండా. పొయ్యి అందుతాది, సాలు.

నువ్వు యాడికన్నా పో పాపా, నీ సంగతి ఎవరన్నా అడిగితే పక్కనోళ్లు చెప్పేలోపల నువ్వే నోరు తెరువు. నా ఆయుస్సు గూడా పోసుకొని, సల్లగ, గట్టిగ మాట్లాడుకుంటా బతుకు తల్లీ...