చప్పట్లు మెల్లగా మొదలుపెట్టండి

(చప్పట్లు. ముందు వేళ్ళ కొసలతో, తర్వాత అరచేతులతో.)

సభకు పెద్దగా కూర్చున్న యజమానిగారికి, ఆయన పక్కన కూర్చుని వీలు దొరికినప్పుడల్లా నా నాడి పట్టుకు చూస్తున్న గుండె డాక్టరమ్మగారికి, కుట్టు విభాగానికి, దూది విభాగానికి, స్ప్రింగుల విభాగానికి, నేనేం మాట్లాడతానో అని ఇప్పటికే తల దించుకున్న మా ఆయనకి, నన్ను సాగనంపడానికి వచ్చి ఎప్పుడు తినడానికి లేస్తామా అని చూస్తున్న మీ అందరికీ పేరుపేరునా నమస్కారం.

బయటినుంచి వచ్చిన మా చుట్టాలు ఇందాకటి చప్పట్లు విని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మీరు కంగారు పడకండి, వీళ్ళకి నామీద ప్రేమ తక్కువై అలా కొట్టలేదు. మా పరుపుల ఫ్యాక్టరీలో చప్పట్లు ఇలాగే కొడతారు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు వినిపిస్తే నా గుండె తాళం తప్పుతుంది, నేను పడిపోతాను, అందుకని ముందు చినుకుల్లా మొదలుపెట్టి తర్వాత వానలా పెంచుతారు. ఒకసారి తనిఖీకి ఒక పెద్దాఫీసరు వచ్చి గంటసేపు ఉపన్యాసమిచ్చాడు. అయిపోగానే మావాళ్ళు వేళ్ళతో టిక్కుటిక్కుమంటూ మొదలుపెట్టేసరికి ఆయన పాపం, ఉపన్యాసం నచ్చలేదేమోననుకుని, మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. (నవ్వులు) ఆ రోజు స్ప్రింగుల విభాగంవాళ్ళు నన్ను తిట్టిన తిట్లు నాకింకా గుర్తున్నాయి.

ఇప్పుడంటే ఇది గుండె జబ్బని అందరికీ తెలుసు. చాలా ఏళ్ళపాటు నాకు ఉన్నది ఫిట్సు. అంటే, ఉన్నది కాదు, ఉందని అందరం కలిసి తీర్మానించినది. ఆ తీర్మానం ఎలా జరిగిందో ఈ రోజు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను, రేపటినుంచి గేటు దగ్గర నన్ను లోపలికి రానివ్వరు.

నేను పరుపు పైగుడ్డ మీద పువ్వులు కుట్టే పెద్ద మిషను దగ్గర పనిచేసేదాన్ని. భోజనాల వేళకి ముందు మిషన్లన్నీ ఆపేవారు. హాలంతా ఒక్కసారి చెవులు మూసినట్టు నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దంలో, సరిగ్గా నా నెత్తిమీద, సైరన్ కూసేది. నేను పడిపోయేదాన్ని. రోజూ కాదులెండి, రోజూ పడితే గోడకైనా అర్థమయ్యేది. నెలల తరబడి ఏమీ ఉండేది కాదు, తర్వాత ఒకరోజు దబ్బున పడేదాన్ని. పడ్డానికి పరుపుల ఫ్యాక్టరీని మించిన చోటు లేదు కాబట్టి దెబ్బ తగిలేది కాదు. కాసేపటికి లేచి, జడ సర్దుకుని, భోజనానికి పోయేదాన్ని.

భోజనాల వేళకే పడుతోంది కాబట్టి ఇది ఆకలి అని మావాళ్ళు తేల్చారు. ఇంతమందిలో ఒక్కరికీ, నాతో సహా, ఆ వేళకి భోజనం ఒక్కటే కాదు, ఇంకోటి కూడా వస్తుందని తట్టలేదు. సైరన్‌కి ముందే నాకొక పెద్ద గ్లాసుడు పాలు తాగించడం మొదలుపెట్టారు. ఒకరోజు ఆ గ్లాసు నోటి దగ్గర ఉండగానే సైరన్ మోగింది, నేను పడ్డాను, పాలు నా గడ్డం మీదుగా కారాయి. అది చూసి మా స్టోర్సులో పనిచేసే అక్క, మీరంతా రేడియో అని పిలిచే అక్క, "అయ్యో అయ్యో, నోట్లోంచి నురగ వస్తోంది" అని కేక పెట్టింది.

అదిగో, నాలుగో వరుసలో. చెయ్యి ఊపుతోంది కూడా. (నవ్వులు)

మా ఆయన ఊరూరా తిరిగే ఉద్యోగంలో ఉండేవాడు కాబట్టి నన్ను నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది రేడియో అక్కే. నేను పడినప్పుడు ఏం జరిగిందో నాకు తెలియదు కదా, కాబట్టి చెప్పాల్సింది ఆవిడే. ఆవిడ చెప్పడం మీకు తెలుసు. "ఇలా కాదండీ, చూపిస్తా ఉండండి" అని డాక్టరు గదిలో నేల మీద పడుకుని, కాళ్ళూ చేతులూ టపటపా కొట్టుకుని, కళ్ళు పైకి తిప్పి, నాలుక పక్కకి పెట్టి చూపించింది. బయట వరుసలో ఉన్నవాళ్ళు తలుపు తోసుకుని లోపలికొచ్చారు. డాక్టరు నాకు కాకుండా ఆవిడకి వైద్యం మొదలుపెట్టబోయాడు.

నా తలకి వైర్లు తగిలించి పరీక్ష చేశారు. అందులో ఏమీ లేదు. "ఏమీ లేకపోయినా ఉండొచ్చు, మీ అక్కగారు ఇంత స్పష్టంగా చెబుతున్నారుగా" అని మాత్రలు రాశాడు. ఆయన చెడ్డవాడేం కాదు, మేం ఏం చెప్పామో అది నమ్మాడు. మందు పనిచేయలేదని మళ్ళీ వెళ్ళేవాళ్ళం. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ మాటల్లో నా కాళ్ళూ చేతులూ ఇంకాస్త ఎక్కువ కొట్టుకునేవి, నాకు మాత్ర ఇంకాస్త పెద్దదయ్యేది.

ఆ మాత్ర వేసుకుంటే నిద్ర. మామూలు నిద్ర కాదు, నిలబడి కునికే నిద్ర. ఇంకో ఫ్యాక్టరీలో అయితే ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. ఇక్కడ ఎటు చూసినా పరుపులే. వెతకడానికొచ్చిన సూపర్‌వైజరుకి ఎప్పుడూ ఒకటే చెప్పేదాన్ని, "నాణ్యత చూస్తున్నానండీ" అని. నా గురకని బట్టి ఆ పరుపు మీద ఎంత ధర వేయొచ్చో అమ్మకాలవాళ్ళు లెక్కగట్టేవారు. (నవ్వులు)

ఇంట్లో ఇంకో కథ. మా ఆయన ఊళ్ళు తిరిగే ఉద్యోగం మానేసి ఇక్కడే దొరికిన పనిలో చేరాడు. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా తనే వంట మొదలుపెట్టాడు. ఆ వంట తిన్న రోజుల్లో నేను పడిపోవడానికి వేరే కారణం వెతకాల్సిన అవసరం లేదని మా అమ్మాయి అనేది. స్నానాలగదికి గడియ పీకేశాడు. నేను స్నానం చేస్తున్నంతసేపూ బయట పీట వేసుకుని కూర్చుని, "ఉన్నావా?" అంటాడు. "ఉన్నాను." "ఉన్నావా?" "ఉన్నాను." మా పక్కింటివాళ్ళు ఇదేదో మంత్రం అనుకున్నారు. తల ఎత్తవయ్యా, నువ్వు సిగ్గుపడాల్సిన పనేమీ కాదు అది.

నవ్వుతూ చెబుతున్నానుగానీ, నా మిషను నా దగ్గర్నుంచి తీసేశారు. ఫిట్సున్న మనిషిని సూదుల మిషను దగ్గర ఉంచకూడదన్నారు. మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి పరుపులకి చీటీలు అంటించమన్నారు. నా మిషను వేరే చేతుల్లో నడుస్తున్న చప్పుడు వింటూ, జిగురు పూసిన చీటీ మీద నా కన్నీళ్ళు పడితే, మళ్ళీ తుడిచి ఇంకోటి అంటించేదాన్ని. ఆస్పత్రి వరండాలో నిజంగా ఫిట్సు ఉన్నవాళ్ళ పక్కన కూర్చునేదాన్ని. వాళ్ళలో బళ్ళో పాఠాలు చెప్పే ఆవిడ ఉంది, తాపీ మేస్త్రీ ఉన్నాడు. మాత్రతో వాళ్ళకి నయంగా ఉండేది, అయినా పన్లోంచి తీసేశారు. జబ్బు ఏదైతేనేం, మనిషిని మూలన కూర్చోబెట్టడం మాత్రం మందు కాదు. ఈ మాట ఎప్పట్నుంచో యజమానిగారికి చెప్పాలనుకుంటున్నాను, ఇప్పుడు జీతం ఆపలేరు కాబట్టి చెప్పేస్తున్నాను. (నవ్వులు. యజమానిగారు చేతులు జోడించారు.)

సరే, ఇంతలో సైరన్ చెడిపోయింది. అది బాగుచేయిస్తామని ఊరికే నాన్చినన్నాళ్ళూ నేను ఒక్కసారీ పడలేదు. రేడియో అక్క ఊళ్ళో అందరికీ మిఠాయి పంచింది. నరాల డాక్టరు, "చూశారా, ఇప్పుడు సరైన మోతాదు కుదిరింది" అన్నాడు. నాకు నయమైన సంతోషంలో, ఆ ఊపులోనే, యజమానిగారు కొత్త సైరన్ తెప్పించారు. పాతదానికంటే పెద్దది. దానికి ప్రారంభోత్సవం. ఆయన మీట నొక్కుతారు, పక్కన పూలగుత్తి పట్టుకుని నిలబడే మర్యాద నాకు ఇచ్చారు, రోగం నయమైన మనిషినని.

మీట నొక్కారు. నేను పూలగుత్తితో సహా యజమానిగారి మీద పడ్డాను. ఆయన వెనకున్న డబుల్‌బెడ్ పరుపు మీద పడ్డారు. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు, పరుపు మంచిది. ఆ రోజు ఫొటోలు తీయడానికి వచ్చినతను ఇదంతా వీడియో తీశాడు, అది చూసి మీలో కొందరు ఇంకా నవ్వుకుంటారని నాకు తెలుసు.

ఈసారి ఎందుకో చప్పున లేవలేదట. ఆస్పత్రికి తీసుకెళితే, ఆ రోజు నరాల డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆయన సెలవు పెట్టబట్టి నేనీ రోజు మాట్లాడుతున్నాను. అక్కడ డ్యూటీలో ఉన్నది ఈ గుండె డాక్టరమ్మగారు. రేడియో అక్క అలవాటు ప్రకారం కొంగు బిగించి నేల మీద పడుకోబోయింది. ఈవిడ, "మీరు లేవండమ్మా, వీడియో ఉందట కదా, అది చూస్తాను" అన్నారు. చూశారు. అందులో కాళ్ళు కొట్టుకోవడం లేదు, నురగ లేదు. మొహం సున్నంలా తెల్లబడింది, మనిషి చప్పుడు లేకుండా జారిపోయింది, అంతే. రేడియో అక్క ఆ వీడియో చూసి ఏమందో తెలుసా? "అందులో సరిగ్గా రాలేదండీ, అసలుది ఇంకా బాగుంటుంది." (పెద్దగా నవ్వులు)

అప్పుడు డాక్టరమ్మ నన్ను ఒకటే అడిగారు. "పడే ముందు ఏం విన్నారు?"

అన్నేళ్ళలో నన్ను అందరూ ఏం తిన్నావు అనే అడిగారు. ఏం విన్నావని అడిగింది ఈవిడొక్కరే. సైరనండీ, అన్నాను. ఇంట్లో? ఒకసారి కాలింగ్ బెల్లు, ఒకసారి ఫోను. ఈసీజీ తీసి ఆ కాగితం నాకు చూపించి చెప్పారు. ఒక్కసారి కొట్టుకున్నాక నా గుండె మళ్ళీ సిద్ధం కావడానికి మామూలుకంటే ఎక్కువసేపు పడుతుందట. ఆ సందులో ఉలిక్కిపడితే అది తాళం తప్పి రెపరెపలాడుతుందట, తలకి నెత్తురు అందక మనిషి పడుతుందట. దానంతటదే మళ్ళీ తాళంలో పడింది కాబట్టి ఇన్నిసార్లూ లేచానట.

"తాళంలో పడకపోతేనో?" అన్నాను. ఆవిడ కాగితం మడిచి, "మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా పోయారా?" అన్నారు.

మా పిన్ని. నాకంటే కాస్త పెద్దది, అంతే, అక్కలాగే ఉండేది. పరీక్షకి చదువుకోవాలని తెల్లవారుజామున అలారం పెట్టుకుంది. అది మోగింది, మోగుతూనే ఉంది, పిన్ని ఆపలేదు. ఫిట్సు వచ్చి పోయిందన్నారు. ఇంటిల్లిపాదీ అదే నమ్మాం. ఆ రోజు ఆస్పత్రి మంచం మీద నాకు తెలిసింది, పిన్నిదీ ఇదే జబ్బని. ఎవరి నేరమూ కాదు, ఎవరూ అడగలేదు, అంతే. మా అమ్మాయికీ ఆ రోజే పరీక్ష చేయించారు. దానికీ ఉంది. మాత్ర వేసుకుంటోంది, బంగారంలా ఉంది, అదిగో వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది. దాని ఫోనెప్పుడూ మూగగానే ఉంటుంది కాబట్టి నేను ఫోన్ చేస్తే పలకదు. వైద్య కారణాలట. డాక్టరమ్మా, ఇది మీరు ఇచ్చిన అనుమతే. (నవ్వులు)

నాకు మాత్ర మార్చారు, మెడ కింద ఎముక దగ్గర ఒక చిన్న పెట్టె పెట్టారు, గుండె తాళం తప్పితే అది లోపల్నుంచి ఒక్కటిచ్చి దారిలో పెడుతుంది. డాక్టరమ్మ స్వయంగా ఇక్కడికొచ్చి, నా మిషను మోటారు ఆ పెట్టె పనికి అడ్డురాకుండా ఎంత దూరముండాలో చూసి, "కుట్టుకోండి" అన్నారు. నా మిషను నాకు తిరిగి వచ్చింది. యజమానిగారు కొత్త సైరన్‌ని తన చేత్తోనే విప్పేసి, దాని చోట ఆకుపచ్చ దీపం పెట్టించారు. ఆ దీపం ఎవరూ చూసేవారు కాదు, భోజనాలు చల్లారిపోయేవి, స్ప్రింగుల విభాగం మళ్ళీ నన్ను తిట్టేది. అయినా సైరన్ పెట్టమని ఒక్కరూ అడగలేదు. దీనికి మీకు నేనేమిచ్చి రుణం తీర్చుకోను?

ఇందాక జ్ఞాపికగా ఆ సైరన్‌నే ఇచ్చారు. గొట్టం నిండా మన దూదే కూరారు. రేడియో అక్క ఐడియా అయ్యుంటుంది.

ఇక ఒక్క మాట. ఈ ఫ్యాక్టరీలో పని మానేసి వెళ్ళేవాళ్ళు చివరి రోజు సైరన్ తామే మోగించి వెళ్ళడం ఆనవాయితీ. నా వల్ల అది ఆగిపోయింది. నేను మోగించలేను, సరే. కానీ నన్ను ఈ టిక్కుటిక్కులతో పంపకండి. జీవితంలో ఒక్కసారైనా నిండు చప్పట్లు వినాలని ఉంది. డాక్టరమ్మగారిని పొద్దున్నే అడిగాను. ముందే తెలిసిన చప్పుడు వేరు, ఉలికిపాటు వేరు, పైగా ఇప్పుడు లోపల పెట్టె కూడా ఉంది, మాత్ర వేసుకుని బల్ల పట్టుకుని నిలబడితే తాను పక్కనే ఉంటానన్నారు. ఏమయ్యా, నువ్వెందుకు లేచావు? సరే, వచ్చి పక్కన నిలబడు. ఈ వెనక పరుపు ఎవరు వేశారు? (నవ్వులు) ఉండనివ్వండి, నాణ్యత బాగానే ఉంది.

నేను పడ్డప్పుడల్లా నన్ను ఎత్తిన చేతులకి, పాలు పట్టిన చేతులకి, ఆస్పత్రికి తీసుకెళ్ళి ప్రతిసారీ నాకంటే బాగా మూర్ఛపోయిన రేడియో అక్కకి, అడగాల్సింది అడిగిన డాక్టరమ్మకి, పీట వేసుకు కూర్చున్న మా ఆయనకి కృతజ్ఞతలు. ఇప్పుడు నేను చెయ్యి ఎత్తి దించుతాను. దించగానే అందరూ కలిసి, అరచేతులు మండేలా కొట్టండి.

(చప్పట్లు. ఒక్కసారిగా, హాలంతా. చాలాసేపు.)

"ఉన్నావా?" అంటున్నాడు మా ఆయన.

ఉన్నాను. రేడియో అక్కా, రేపు ఎవరికి చెప్పినా ఉన్నదున్నట్టు చెప్పు, నేను నిలబడే విన్నానని. సెలవు.